చౌక చైనీస్ బఫేలో ఏ ట్రే దగ్గర ఆగాలి?

అమెరికాలో ఉంటున్నవాళ్లూ, పిల్లల దగ్గరికి వచ్చి కొన్నాళ్లు ఉండి వెళ్లే పెద్దవాళ్లూ అక్కడి చైనీస్ బఫేల గురించి తరచూ అడుగుతున్నారు. మనిషికింత అని కట్టి, తినగలిగినంత తినే హోటళ్లివి. ఒకే తీరు ప్రశ్నలను కలిపి ఈ నెల జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా ఇంటి దగ్గర ఒక చైనీస్ బఫే ఉంది. ఒక్కోసారి వెళ్తే చాలా బాగుంటుంది. ఇంకోసారి వెళ్తే అన్నీ చల్లారి, మెత్తబడి ఉంటాయి. వంటవాళ్లు మారుతున్నారా? ఏ వేళకు వెళ్తే మంచిది?
— ఓ పాఠకురాలు, ప్లేనో

వంటవాళ్లు కాదండీ, మీరు వెళ్లే వేళ మారుతోంది. బఫేలో రుచి వంటగదిలో ఎంత ఉంటుందో, ఆ ట్రే బయటికి వచ్చి ఎంతసేపైందన్న దానిలోనూ అంతే ఉంటుంది.

ట్రేల కింద తొట్టిలో నీళ్లుంటాయి. వాటి ఆవిరి ట్రే అడుగును వేడిగా ఉంచుతుంది. అది పొయ్యి కాదు, వేడి నిలిపే ఏర్పాటు మాత్రమే. వేడి పదార్థం 135 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 57 సెల్సియస్‌కు తగ్గకూడదని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తయారుచేసిన ఫుడ్ కోడ్ చెబుతుంది. చాలా రాష్ట్రాల నియమాలకు ఆధారం ఇదే. ఆ వేడిలో సూక్ష్మజీవులు పెరగవు సరే, వేపుడు కరకర మాత్రం నిలవదు. కింది వేడికి ముక్కల్లోంచి తేమ పైకి వచ్చి పై పొరను మెత్తబరుస్తుంది. సాస్‌లో కలిపిన చికెన్ పావుగంట, ఇరవై నిమిషాలు దాటితే పులుసులో వేసిన పకోడీలా నానిపోతుంది.

కాబట్టి జనం ఎక్కువగా ఉన్నప్పుడే వెళ్లండి. మధ్యాహ్నం 12 నుంచి 1 లోపు, రాత్రి 6 నుంచి 7:30 లోపు మంచి వేళలు. ఆ సమయంలో ట్రేలు త్వరగా ఖాళీ అవుతాయి, కొత్త వాయి వస్తూ ఉంటుంది. ఉదయం 11కి తలుపు తీయగానే వెళ్తే అన్నీ తాజాగా ఉంటాయి కానీ కొన్ని ట్రేలు ఇంకా బయటికి వచ్చి ఉండవు. మధ్యాహ్నం 2:30 నుంచి 3:30 వరకు వెళ్లకపోవడమే మేలు. జనం పలచబడతారు, వంటగదిలో కొత్త వాయి వేయరు, ఉన్నదాన్నే సాగదీస్తారు. 3 గంటలకు లంచ్ ధర కట్టి కూర్చుని, డిన్నర్‌కి పెట్టే పీత కాళ్లు వచ్చేదాకా ఆగుదామని కొందరు చూస్తారు. అప్పటిదాకా తినేదంతా పాత సరుకే. పైగా బిల్లు మీద మీరు వచ్చిన టైము పడుతుంది. గంటన్నర, రెండు గంటల గడువు పెట్టిన చోట్లూ ఉన్నాయి.

లోపలికి వెళ్లగానే ప్లేటు తీసుకోకుండా ఒకసారి బల్లల చుట్టూ నడవండి. ఇవి చూడండి. సాస్ మీద తొరక కట్టిందా? ట్రే అంచుల్లో సాస్ నల్లగా అట్టకట్టిందా? నూనె విడిపోయి పక్కకు చేరిందా? అన్నిటికన్నా బాగా చెప్పేది బ్రకోలీ. అప్పుడే వచ్చినదైతే నిగనిగలాడే పచ్చరంగులో ఉంటుంది. ఎక్కువసేపు వేడిలో ఉంటే దాని పచ్చదనంలోని మెగ్నీషియం పోయి, రంగు పాచిపట్టినట్టు గోధుమకు తిరుగుతుంది. బ్రకోలీ అలా ఉన్న ట్రే గంట దాటిందనుకోండి. నూడుల్స్ ముక్కలుముక్కలుగా తెగి ఉన్నా అదే లెక్క.

ట్రే నిండుగా ఉండటం మంచి గుర్తు కాదు. చిన్న ట్రేలో కొంచెంకొంచెంగా తెచ్చి నింపే హోటల్ తన పని తెలిసిన హోటల్. పాతది అడుగున ఉండగానే కొత్తది పైన కుమ్మరించే చోట కొంచెం ఆలోచించండి.

జనం లేని వేళ తప్పనిసరిగా వెళ్లాల్సి వస్తే, నిలవ ఉన్నా పాడవని వాటిని ఎంచుకోండి. సూప్‌లు, మాపో టోఫు, పుట్టగొడుగులతో చేసిన చికెన్, ముందే ముడతలు పడేలా వేయించిన గ్రీన్ బీన్స్ వేడిలో అరగంట ఉన్నా తట్టుకుంటాయి. పిండి పట్టించి వేయించిన రొయ్యల టెంపురా, ఎగ్ రోల్, క్రీమ్ చీజ్ నింపి వేయించే క్రాబ్ రంగూన్ మాత్రం మీ కళ్ల ముందు కొత్త ట్రే వస్తేనే తీసుకోండి.

ప్రశ్న: మా అత్తగారు గుడ్డు కూడా ముట్టరు. మేమందరం బఫేకి వెళ్తే ఆవిడ ఉత్త అన్నం, పండ్లు తిని వస్తున్నారు. ఆవిడ తినగలిగినవి ఏమున్నాయి? మేం మాంసం తింటాం కానీ బీఫ్, పోర్క్ తినం. అవి ఎందులో కలుస్తాయో కూడా చెప్పండి.
— ఓ పాఠకురాలు, ఎడిసన్

ముందు ఉన్నమాట చెప్పేద్దాం. ఒకే బాణలిలో వండినా, ఒకే నూనెలో వేయించినా వద్దనే పట్టింపు ఆవిడకు ఉంటే, ఈ హోటళ్లకు తీసుకెళ్లకండి. వంటగదిలో వోక్ బాణళ్లు అన్నిటికీ అవే. ఒక వంటకానికీ ఇంకో వంటకానికీ మధ్య వేడినీళ్లతో కడుగుతారు, అంతే. స్ప్రింగ్ రోల్ వేగే నూనెలోనే రొయ్యలు, చికెన్ వేగుతాయి. పంచదార అద్దిన ఆ చిన్న డోనట్లు కూడా చాలాచోట్ల అదే నూనెలోవి.

ఆ పట్టింపు లేదనుకుంటే కొన్ని దొరుకుతాయి. కానీ పేరు చూసి నమ్మకూడదు. వెజిటబుల్ ఫ్రైడ్ రైస్‌లో గుడ్డు ఉంటుంది. ‘వెజిటబుల్ లో మెయిన్’ అనే నూడుల్స్ వంటకంలో ముక్కలన్నీ కూరగాయలే అయినా సాస్‌లో ఆయిస్టర్ సాస్ పడుతుంది. అది ఆల్చిప్పల సారంతో చేసేది. మెరుస్తూ, గోధుమరంగులో, కాస్త తీపిగా ఉండే కూరగాయల కూరలన్నిటినీ ఈ అనుమానంతోనే చూడండి. సూప్‌లకు చికెన్ ఉడికించిన నీళ్లే ఆధారం. హాట్ అండ్ సోర్ సూప్‌లో గుడ్డు తీగలతో పాటు పోర్క్ సన్నటి ముక్కలు కూడా పడతాయి. మాపో టోఫు చూడటానికి ఉత్త టోఫులా ఉంటుంది, అసలు వంటకంలో పోర్క్ లేదా బీఫ్ కీమా భాగం. మిఠాయిల బల్ల మీద రంగురంగుల జెల్లీ ముక్కలనూ వదిలేయమనండి. వాటిని గడ్డకట్టించే జెలటిన్ జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది.

అడిగే పద్ధతి ఒకటుంది. ‘ఇది వెజిటేరియనా?’ అని అడిగితే, మాంసం ముక్కలు లేవన్న అర్థంలో అవునంటారు. వాళ్లు అబద్ధం చెప్పినట్టు కాదు. ‘ఇందులో ఆయిస్టర్ సాస్ ఉందా? చికెన్ బ్రాత్ ఉందా? ఎగ్ ఉందా?’ అని ఒక్కొక్కటిగా అడగండి. రద్దీ లేని సమయంలో కౌంటర్ దగ్గరే చెబితే, ఆవిరి మీద ఉడికించిన కూరగాయలు, టోఫు విడిగా చేసి ఇచ్చేవాళ్లు ఉన్నారు. సోయా సాస్, వెల్లుల్లి, అల్లం మాత్రమే వేయమనండి.

మంగోలియన్ గ్రిల్ ఉన్న చోటయితే ఆవిడకు అదే మంచి దారి. పచ్చి కూరగాయలు, టోఫు, నూడుల్స్ గిన్నెలో తనే ఎంచుకుంటే గుండ్రటి ఇనుప పెనం మీద కళ్లెదుటే వేయించి ఇస్తారు. గిన్నె ఇచ్చేటప్పుడు పెనం ఒక పక్క నీళ్లు పోసి గీకమని అడగండి. సాస్‌లలో ఆయిస్టర్, ఫిష్ సాస్ తప్ప మిగతావి అడిగి తెలుసుకుని వేసుకోవచ్చు. నూడుల్స్‌లో గుడ్డు కలుస్తుందేమో అదీ అడగాలి. పసుపుపచ్చని నూడుల్స్ చాలావరకు గుడ్డువే. బియ్యపు నూడుల్స్ తెల్లగా ఉంటాయి.

ఇక మీ సంగతి. ఎగ్ రోల్ లోపల, వాంటన్‌లలో, పాట్ స్టికర్ డంప్లింగుల్లో ఉండేది చాలావరకు పోర్కే. ఫ్రైడ్ రైస్‌లో ఎర్రటి చిన్న ముక్కలు కనిపిస్తే అవి చార్ సియూ అనే పోర్క్, లేదా హామ్. గ్రీన్ బీన్స్‌లో పోర్క్ కీమా చల్లే పద్ధతి ఉంది. బీఫ్ అంత దాక్కోదు. పెప్పర్ స్టేక్, బీఫ్ బ్రకోలీ అని రాసే ఉంటుంది. అయితే చికెన్ బ్రకోలీ, బీఫ్ బ్రకోలీ పక్కపక్కనే పెడతారు కాబట్టి గరిటెలు మారిపోతాయి. క్రాబ్ రంగూన్‌లో పేరుకే పీత. ఇలాంటి చోట్ల అది క్రీమ్ చీజ్‌లో కలిపిన సురిమి, అంటే పొలాక్ లాంటి తెల్ల చేప గుజ్జు.

ప్రశ్న: మావారు మొదటి ప్లేటే కొండలా నింపేస్తారు. సగం తిని ఇంక వద్దంటారు. డబ్బుకు తగ్గట్టు తినాలంటే ఎలా?
— ఓ పాఠకురాలు, శాన్ హోసే

వరస మొదట్లో ఏం పెడతారో చూడండి: అన్నం, నూడుల్స్, వేపుడు రొట్టెలు. హోటల్‌కు తక్కువ ఖర్చయ్యేవి, మన కడుపు త్వరగా నింపేవి అవే. రొయ్యలు, చేప, కాల్చిన మాంసం ఆ చివర ఉంటాయి. అక్కడికి చేరేసరికి ప్లేటులో చోటుండదు. మీవారిని ఆ చివర నుంచి మొదలుపెట్టమనండి.

మొదటి ప్లేటు రుచి చూడటానికి. నాలుగైదు రకాలు, ఒక్కోటి పెద్ద చెంచాడు, ఒకదానికొకటి తగలకుండా. తీపి సాస్, ఉప్పు సాస్, పులుపు సాస్ ఒకే ప్లేటులో కలిస్తే అన్నీ ఒకే రుచికి దిగిపోతాయి. అందుకే మూడో ప్లేటుకల్లా ‘ఇక్కడ అన్నీ ఒకేలా ఉన్నాయి’ అనిపిస్తుంది. రెండో ప్లేటులో నచ్చిన రెండింటినే పెట్టుకోవాలి. రెంటికీ మధ్య పది నిమిషాలు కూర్చోవాలి. కడుపు నిండిన కబురు మెదడుకు చేరడానికి సుమారు ఇరవై నిమిషాలు పడుతుంది.

తాగేది విడిగా బిల్లవుతుంది. నలుగురికీ సోడాలు తీసుకుంటే దాదాపు ఇంకో మనిషి భోజనం ఖరీదు చేరుతుంది. మంచినీళ్లు ఉచితం. వదిలేసిన తిండికి అదనంగా వసూలు చేస్తామని బోర్డు పెట్టిన చోట్లున్నాయి, అది న్యాయమే. తినగా మిగిలింది ఇంటికి కట్టివ్వరు. పట్టుకెళ్లాలనుకుంటే పౌను లెక్కన తూచి అమ్మే డబ్బా విడిగా కొనాలి.

ప్రతిసారీ కొత్త ప్లేటే తీసుకోండి. ఎంగిలి ప్లేటుతో మళ్లీ బల్ల దగ్గరికి రాకూడదన్నది ఫుడ్ కోడ్‌లోని నియమమే. గరిటె మన ప్లేటుకు తగిలి తిరిగి ట్రేలోకి వెళ్తుంది కదా.

ప్రశ్న: బఫేలో సుషీ, చల్లటి రొయ్యలు, ఆల్చిప్పలు కూడా పెడుతున్నారు. తినొచ్చా? ఒకసారి పిల్లలకు వాంతులయ్యాయి, అప్పటి నుంచి భయంగా ఉంది.
— ఓ పాఠకుడు, షార్లెట్

చల్లటివి 41 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 5 సెల్సియస్ లోపు ఉండాలి. రొయ్యల గిన్నె మంచు మీద ఊరికే పెట్టి ఉంటే చాలదు, గిన్నె సగం పైగా మంచులో దిగి ఉండాలి. మంచు కరిగి నీళ్లయిపోయిన చోట రొయ్యలు తీసుకోకండి. సుషీలో ఈ ధరకు పెట్టేవి ఎక్కువగా సురిమి, దోసకాయ, అవకాడోతో చుట్టినవే. వాటి అన్నంలో వెనిగర్ ఉంటుంది కాబట్టి ఆ అన్నం కాసేపు బయట ఉన్నా పాడవదు, లోపలి సురిమి మాత్రం చల్లగానే ఉండాలి. అన్నం అంచులు ఎండి గట్టిపడి ఉంటే మాత్రం చాలాసేపైందని గుర్తు. పచ్చి ఆల్చిప్పలు అసలు వద్దు. విబ్రియో అనే బ్యాక్టీరియా వాటి ద్వారా వస్తుంది, ఆల్చిప్ప చూస్తే తెలియదు, వాసనకూ దొరకదు. గర్భిణులు, కాలేయ జబ్బున్నవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు వాటి జోలికి పోనేకూడదు.

పిల్లలకు వాంతులెందుకయ్యాయో ఇక్కడి నుంచి చెప్పలేం కానీ, జనం అనుమానించని పదార్థం ఒకటుంది: అన్నం. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు అన్నం ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి విషాన్ని తయారుచేస్తాయి. తర్వాత ఎంత వేయించినా ఆ విషం పోదు. అది తిన్న అరగంట నుంచి ఆరు గంటల లోపు వాంతులవుతాయి. ఫ్రైడ్ రైస్ పొగలు కక్కుతూ ఉంటేనే పెట్టండి. నోట్లో పెట్టుకుంటే గోరువెచ్చగా తగిలిందా, అక్కడితో ఆపేయండి. సూప్‌కైనా, చికెన్‌కైనా ఇదే పద్ధతి.

ఇంకో జాగ్రత్త. వెళ్లగానే చేతులు కడుక్కుంటాం, తర్వాత వందమంది పట్టుకున్న పటకార్లు పట్టుకుంటాం, అదే చేత్తో తింటాం. వడ్డించుకుని ప్లేటు బల్ల మీద పెట్టాక మళ్లీ కడుక్కోండి. పిల్లలకు పెద్దవాళ్లే వడ్డించడం మంచిది.

మీ రాష్ట్రం నార్త్ కరోలినాలో తనిఖీ గ్రేడు కార్డు గోడకు కనిపించేలా పెట్టాలి. న్యూయార్క్ నగరంలో 2010 నుంచి కిటికీ మీద తనిఖీ గ్రేడు తెలిపే అక్షరం ఉంటుంది. వేరే చోట్ల కౌంటీ ఆరోగ్య శాఖ వెబ్‌సైట్‌లో హోటల్ పేరు కొట్టి చూడొచ్చు. మార్కులు చూసి ఊరుకోకుండా ఎందుకు తగ్గాయో చదవండి. నేల మీద టైలు పగిలిందని పోయిన మార్కు వేరు, వేడి పదార్థం 135 డిగ్రీల కన్నా చల్లారిందని పోయిన మార్కు వేరు.

ప్రశ్న: మా నాన్నగారికి బీపీ, షుగర్ ఉన్నాయి. చైనీస్ బఫేలో తిన్న రాత్రి విపరీతంగా దాహం, తలనొప్పి అంటారు. అజినోమోటో వల్లేనా?
— ఓ పాఠకుడు, అట్లాంటా

దాహానికి కారణం ఉప్పు. ఒక టేబుల్ స్పూన్ సోయా సాస్‌లో సుమారు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. ఆరోగ్యవంతుడికే రోజు మొత్తానికి 2,300 మించొద్దంటారు. బఫేలో మాంసం నానబెట్టడానికి సోయా సాస్, వండేటప్పుడు సోయా సాస్, మళ్లీ బల్ల మీద సోయా సాస్. మూడు ప్లేట్లు తింటే ఆ లెక్క సులువుగా దాటిపోతుంది.

అజినోమోటో మీద అనుమానం 1968లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక డాక్టరు రాసిన ఉత్తరంతో మొదలైంది. తర్వాత తెలియకుండా ఇచ్చి చూసిన పరీక్షల్లో ఆ లక్షణాలు నిలకడగా కనిపించలేదు. మూడు గ్రాములు, అంతకు పైన, అదీ తిండి లేకుండా తీసుకుంటే కొద్దిమందికి కాసేపు తలనొప్పి లాంటివి రావచ్చు. ఎఫ్‌డీఏ దాన్ని సురక్షితమైన పదార్థాల్లోనే ఉంచింది. దానిలోనూ సోడియం ఉంది, ఉప్పులో ఉన్నదానిలో మూడో వంతు. నాన్నగారికి తలనొప్పి వచ్చినప్పుడు అజినోమోటో అనుకుని వదిలేయకుండా బీపీ చూడండి.

షుగర్‌కు అసలు ఇబ్బంది జనరల్ త్సోస్ చికెన్, ఆరెంజ్ చికెన్, సెసమీ చికెన్, స్వీట్ అండ్ సోర్. కార్న్‌ఫ్లోర్ పట్టించి వేయించి, పంచదార పాకంలో తిప్పినవి ఇవి. ఆ పాకాన్ని చిక్కబరిచేది కూడా కార్న్‌ఫ్లోరే. వాటికి బదులు ఆవిరి మీద వండిన చేప, పుట్టగొడుగుల చికెన్, గ్రీన్ బీన్స్ పెట్టండి. గరిటెతో తీసేటప్పుడు ముక్కలను ట్రే గోడకు ఆనించి ఒక్క క్షణం ఆపితే సాస్ చాలావరకు కిందికి జారుతుంది. ఉప్పు, తీపి రెండూ తగ్గించే సులువైన పద్ధతి ఇదే. ముందు కూరగాయలు, తర్వాత చేపో చికెనో, ఆఖరున రెండు గరిటెల అన్నం తింటే షుగర్ అంత ఎక్కువగా పెరగదు. ఎలాగూ బఫేకి వెళ్తున్నాం కదా అని మాత్ర గానీ ఇన్సులిన్ గానీ సొంతంగా పెంచకూడదు.

ప్రశ్న: ఇది అసలైన చైనా తిండేనా?
— ఓ పాఠకుడు, కొలంబస్

అమెరికాలో స్థిరపడిన చైనావాళ్లు అమెరికన్ల నాలుకకు తగ్గట్టు చేసిన తిండి. జనరల్ త్సోస్ చికెన్‌ను చైనాలోని హునాన్‌కు చెందిన వంటవాడు పెంగ్ చాంగ్-క్వే 1950ల్లో తైవాన్‌లో చేశారు. తీపి అందులో లేదు, 1970ల్లో న్యూయార్క్‌కు చేరాక వచ్చింది. ఫార్చూన్ కుకీ మూలాలు జపాన్‌లో ఉన్నాయి. ఈ బఫేలను నడిపేవాళ్లలో ఫుజియాన్ రాష్ట్రం ఫుజౌ ప్రాంతం నుంచి వచ్చిన కుటుంబాలు చాలా ఎక్కువ. రద్దీ తగ్గాక వాళ్లు వెనక బల్ల దగ్గర కూర్చుని తినేది వేరేగా ఉంటుంది: ఆకుకూర, చేప, పలచటి సూప్, తెల్లన్నం. అందులో ఆకుకూర మాకూ ఇస్తారా అని మర్యాదగా అడిగి చూడొచ్చు.

ప్రశ్న: మనమే వడ్డించుకుంటాం కదా, టిప్ ఇవ్వాలా?
— ఓ పాఠకురాలు, చికాగో

ఇవ్వాలండీ. నీళ్లు నింపేదీ, ఎంగిలి ప్లేట్లు తీసేదీ, పిల్లలు కింద పోసినది తుడిచేదీ వాళ్లే. బిల్లులో పది శాతం ఇవ్వండి, ఎంత చిన్న బిల్లయినా మనిషికి రెండు డాలర్లకు తగ్గకుండా చూడండి. పిల్లలతో వెళ్తే ఇంకాస్త కలపండి.

ప్రశ్న: మా బాబుకి వేరుశనగ అలర్జీ. స్కూల్ స్నేహితుడి పుట్టినరోజు చైనీస్ బఫేలో చేస్తున్నారు. వేరుశనగ లేనివి చూసి పెడితే సరిపోతుందా?
— ఓ పాఠకురాలు, సియాటిల్

సరిపోదు. వేరుశనగ వేసి వండే కుంగ్ పావ్ చికెన్‌లో పెట్టిన గరిటె పక్క ట్రేలోకి వెళ్తుంది, ఏ పిల్లవాడో దానితోనే నూడుల్స్ తీసుకుంటాడు. వంటగదిలో బాణలి, నూనె అన్నిటికీ ఒకటే. ట్రే మీద చీటీలో దినుసులు రాయరు. నువ్వులు, రొయ్యలు, గుడ్డు అలర్జీలకూ ఇదే వర్తిస్తుంది. బాబు పుట్టినరోజుకి వెళ్లొచ్చు, తిండి మాత్రం ఇంటి నుంచే. బయటి తిండి తెచ్చుకోనివ్వరు కాబట్టి ముందురోజే హోటల్‌కి ఫోన్ చేసి కారణం చెప్పండి. బాబు కూర్చునే చోటు బల్ల మీరే తుడవండి. ఎపిపెన్, అంటే అలర్జీ తీవ్రమైతే ఇచ్చే ఇంజెక్షన్, కారులో కాదు, పక్కనే కూర్చున్న పెద్దవాళ్ల దగ్గర ఉండాలి, వాళ్లకు దాన్ని వాడటం వచ్చి ఉండాలి. వాడాల్సి వస్తే, పిల్లవాడు తేరుకున్నట్టు కనిపించినా వెంటనే 911కి ఫోన్ చేయండి.